మూడు గుండ్లకు ఒకటే చిల్లు

నా పెద్దకొడుకు పోయాడు. ముప్పై ఆరేళ్లవాడు. గుండె ఆగిపోయిందని కాగితంలో రాశారు.

ఆ రోజు ఉదయం నేను కువైట్‌లో, జాబ్రియా పేటలో, పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న ఇంట్లో, బాబాకి టీ కాస్తున్నాను. బాబా అంటే ఆ ఇంటి యజమాని. ఫోన్ మోగింది. ఖైతాన్‌లో నా కొడుకుతో ఒకే గదిలో ఉండే అతను. "పెద్దమ్మా, అన్న లేస్తా లేడు" అన్నాడు. అలసిపోయి మొద్దునిద్ర పోతున్నాడేమో అనుకున్నాను. "మొగాన కొంచెం నీళ్లు చల్లు నాయనా, లేస్తాడు" అని చెప్పాను. అవతల అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇక్కడ టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాసు వాసన వస్తోంది. పొయ్యి కట్టేశాను. కట్టానా లేదా అని మళ్లీ ఒకసారి చెయ్యి పెట్టి చూశాను. అలా రెండుసార్లు చూడడం వాడు నేర్పిన అలవాటు. ఆ తర్వాతే కింద కూలబడ్డాను.

ఇక్కడి మన తెలుగువాళ్లు వేసే పుస్తకంలో వాడి గురించి నాలుగు మాటలు రాయమని అడిగారు. నేను అయిదో తరగతి వరకే చదివాను. అక్షరాలు వంకరగా వస్తాయి. అయినా వాడి గురించి వేరేవాళ్లు రాస్తే బాగుండదనిపించింది. వాడిని చూడనివాళ్లు వాడు ఎలాంటివాడో తెలుసుకోవాలి. అందుకే రాస్తున్నాను.

వాడి పని ఏమిటో చాలా ఏళ్లు నేను ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో అడిగితే డ్రైవరు అనేదాన్ని. మొదట్లో అది నిజమే. ఇదే ఇంట్లో బాబాకి కారు నడిపేందుకు వచ్చాడు. బాబా శుక్రవారం శుక్రవారం తుపాకీ కాల్చే మైదానానికి పోయేవాడు. వీడు కారు పక్కన నిలబడక, తుపాకులు తుడిచేవాళ్ల దగ్గర కూర్చునేవాడు. అక్కడి పెద్దాయన ఒకరోజు వీడి చెయ్యి పట్టుకుని చూసి, ఈ చెయ్యి వణకదు, నాకివ్వండి అని బాబాని అడిగాడట. వేరే చోట పనికి పోవచ్చని బాబా రిలీజ్ కాగితం ఇచ్చాడు. వాడి ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, ఆ మైదానం పేరు మీదికి మారింది. అప్పటినుంచి వాడి పని తుపాకుల గురి సరిచూడడం. ఎవరైనా కొత్త తుపాకీ కొంటే ముందు వాడి దగ్గరికి వస్తుంది. వాడు దాన్ని ఇసుక సంచి మీద పెట్టి, వంద మీటర్ల దూరంలో కాగితం మీద కొట్టి, ఎటు తప్పుతోందో చూసి, పైనున్న దుర్భిణి మరలు తిప్పి సరిచేస్తాడు. తర్వాత ఒక కాగితం మీద ఇది సరిగ్గా ఉంది, లేదా లేదు అని రాసి సంతకం పెడతాడు. వాడి సంతకం ఉంటే షేకులు కూడా మళ్లీ అడిగేవాళ్లు కాదు.

మాది అన్నమయ్య జిల్లా. మా పక్క తుపాకీ అంటే గురి చూసే ఆట గుర్తుకు రాదు. వేరే సంగతులు గుర్తుకొస్తాయి. అందుకే భయపడ్డాను. "ఆ పని వద్దు నాయనా, మళ్లా కారే నడుపు" అని మొదట్లో చాలాసార్లు బతిమాలాను.

"మా, నేను కాగితాన్ని తప్ప దేన్నీ కొట్టలేదు" అనేవాడు. "ఆ కాగితం కూడా నామీద కేసు పెట్టలే."

అది నిజం. వాడు ఊరికి వచ్చినప్పుడు కోడిని కొయ్యమంటే పెరట్లోనుంచి మాయమయ్యేవాడు. వాడి పెళ్లాం నవ్వేది, "తుపాకులోడు కోడికి భయపడతాడత్తా" అని. కూర మాత్రం రెండుసార్లు వేయించుకునేవాడు.

తుపాకీ వాడిని మొరటువాణ్ని చేస్తుందని నేను భయపడ్డాను. జరిగింది దానికి తారుమారు. అది వాడిని ఇంకా మెత్తన చేసింది. మనిషిని వేలు పెట్టి చూపించేవాడు కాదు. ఫలానా ఆయన అని చెప్పాలంటే చెయ్యంతా చాపి, అరచెయ్యి పైకి పెట్టి చూపించేవాడు, పళ్లెం అందించినట్టు. ఎందుకురా అంటే, దేన్నీ మనిషి వైపు పెట్టకూడదని మొదటిరోజే నేర్పించారు, వేలికి కూడా అలవాటైపోయింది అన్నాడు. శుక్రవారం సాయంత్రం నన్ను చూడ్డానికి వెనక గేటు దగ్గరికి వచ్చేవాడు. తినేముందు చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కునేవాడు. వంటగదిలోకి రాగానే నన్ను పలకరించకముందే గ్యాసు నాబ్ పట్టుకుని చూసేవాడు. "ఇప్పుడే కట్టినా రా" అంటే, "ఖాళీ అని తెలిసినా ఇంకోసారి చూడాల మా. ఒకసారి చూసినోడు నమ్ముతాడు, రెండుసార్లు చూసినోడు బతుకుతాడు" అనేవాడు. రెండుసార్లు చూసి కూడా వాడు బతకలేదు. అయినా ఆ మాట తప్పని నేను అనలేను.

ఇంకో అలవాటు. ఎవరితోనైనా గొడవ వస్తే వాడు వెంటనే మాట్లాడేవాడు కాదు. మైదానంలో మూడు గుండ్లు కాల్చాక గొట్టం మీద చెయ్యి పెట్టి చూసి, చల్లారేదాకా ఊరికే కూర్చోవాలట. వేడిగా ఉండగా కొడితే గుండు పక్కకు పోతుంది. వాడు మనుషులతోనూ అలాగే ఉండేవాడు. నేను ఫోన్లో కోడలి మీద చాడీలు చెప్పినప్పుడల్లా, "మా, గొట్టం చల్లారినాక చెప్పు" అని పెట్టేసేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. మర్నాటికి చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. నా కొడుకు పని చేస్తుండగా నేను నా కళ్లతో చూసింది ఒక్కసారే. మూడు చలికాలాల కిందట.

బాబా వేటకని తమ్ముళ్లతో కలిసి వేరే దేశం పోవాలనుకున్నాడు. కొత్త తుపాకీ తెప్పించుకున్నాడు. పాతదానికంటే పెద్దది, దెబ్బ బలంగా తంతుందని చెప్పుకున్నారు. దాన్ని తెప్పించి, పైన దుర్భిణి బిగించింది తుపాకుల షాపులో పనిచేసే రాయచోటి భాయ్. మన పక్క మనిషే. భార్యనీ ఇద్దరు ఆడపిల్లల్నీ అప్పుడే తెచ్చుకుని అబ్బాసియాలో చిన్న ఫ్లాట్ తీసుకున్నాడు. బిడ్డల్ని బడిలో వేశాడు.

ఆ శుక్రవారం ఎండ బాగుంది. మామా, అంటే మా ఇంటి యజమానురాలు, అందరం పోదాం, అక్కడే తిందాం అంది. నేను టీ ఫ్లాస్కులూ, అన్నం డబ్బాలూ సర్దుకుని వెనక సీట్లో కూర్చున్నాను. లోపల దడగా ఉంది. కొడుకును పనిలో చూడబోతున్నానని సగం, తుపాకుల మధ్యకు పోతున్నానని సగం.

పోయేసరికి వాడు నన్ను చూసి నవ్వాడు, అంతే. దగ్గరికి రాలేదు. నా చెవులకు పెట్టుకునేందుకు పెద్ద కప్పులు తెచ్చి తనే పెట్టాడు. పెట్టి, సరిగ్గా ఉన్నాయా అని రెండుసార్లు నొక్కి చూశాడు. రాయచోటి భాయ్ కొత్త తుపాకీ పెట్టె తెరిచి పక్కన నిలబడ్డాడు, పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రిలా.

బాబా బల్ల దగ్గర కూర్చుని మూడు గుండ్లు కొట్టాడు. ఆ చప్పుడుకి కప్పులున్నా నా గుండె అదిరింది. కాగితం తెచ్చారు. ఒకటి ఎడమకు, ఒకటి బాగా కిందికి, మూడోది కాగితానికే తగల్లేదు. బాబా మళ్లీ మూడు కొట్టాడు. అదే తీరు. ముఖం ఎర్రబడింది. బాబా మంచివాడు, కానీ తమ్ముళ్ల ముందు మాట పడడు. ఆరోజు తమ్ముళ్లిద్దరూ అక్కడే ఉన్నారు. ఒకాయన దగ్గినట్టు నవ్వాడు.

బాబా లేచి రాయచోటి భాయ్ వైపు తిరిగాడు. "వంకర తుపాకీ నాకు అమ్ముతావా? దుర్భిణి బిగించడం కూడా రాదా నీకు? రేపు మీ షాపు యజమానితో మాట్లాడతా. ఖలాస్, నీకు ఇక్కడ పని లేదు" అన్నాడు.  చలికాలం. అయినా భాయ్ చొక్కా వీపంతా తడిసిపోయింది.

నా కొడుకు, "బాబా, గొట్టం వేడెక్కింది. కొంచెం చల్లారనిద్దాం. తర్వాత నేనొకసారి చూస్తాను" అన్నాడు. అరబ్బీలో వాడు చాలా మెల్లగా, మర్యాదగా మాట్లాడేవాడు. వాడు గొట్టం మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. అందరం కూర్చున్నాం. ఆ సేపు ఎంత పొడుగ్గా ఉందో చెప్పలేను.

తర్వాత వాడు బల్ల దగ్గరికి వెళ్లాడు. చెంప తుపాకీకి ఆనించాడు. వీపు చూస్తున్నాను. చిన్నప్పుడు జోలెలో నిద్రపోయే ముందు వాడి వీపు అలాగే నెమ్మదించేది. ఒకటి. ఆగాడు. రెండు. ఆగాడు. మూడు. కాగితం తెచ్చి బల్ల మీద పెట్టారు. నేను అప్పుడే టీ అందిస్తున్నాను, తొంగి చూశాను. నల్ల చుక్క నడిమధ్య ఒకటే చిల్లు ఉంది. ఒకటే.

నాకు వాడి మీద జాలి వేసింది. నలుగురిలో పరువు పోయిందే అనుకున్నాను. చిన్నగా, "ఒకటన్నా బాగా తగిలిందిలే నాయనా, పోనీ. ఆ రెండూ యాడికి పోయినాయో" అన్నాను.

రాయచోటి భాయ్, అంత భయంలోనూ, కిసుక్కున నవ్వాడు. "అమ్మా, ఆ రెండూ ఆ బొక్కలోనే పోయినాయమ్మా" అన్నాడు.

నా కొడుకు కాగితం నా ముందుకు జరిపి, చిటికెన వేలితో ఆ చిల్లు అంచు చూపించాడు. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మూడు గుండ్రాలు. మూడు రేకుల గడ్డిపువ్వులా ఉంది. "మూడిటికీ దోవ ఒకటే మా" అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతవరకు నా కొడుకు ఏం చేస్తాడో నాకు నిజంగా తెలియదు.

బాబా ఆ కాగితం చూశాడు. మెచ్చుకోవాల్సినవాడు ఇంకా మండిపడ్డాడు. "నీకు సరిపోతుంది, నాకు సరిపోదు. అలాంటి తుపాకీ నాకెందుకు?" అని మళ్లీ కూర్చుని మూడు కొట్టాడు. మళ్లీ చెల్లాచెదురు. అన్నీ కిందికే. తమ్ముడు మళ్లీ దగ్గాడు. బాబా నా కొడుకు ముందుకు ఆ కాగితం తోశాడు, సంతకం పెట్టే కాగితం. "తుపాకీలో తప్పుందని రాయి. వెనక్కి పంపిస్తా. దీన్ని అమ్మినవాణ్ని కూడా పంపిస్తా."

పెన్ను వాడి చేతిలో పెట్టాడు.

అప్పుడు మా అందరికీ తెలుసు, వాడు ఏది రాస్తే ఏం పోతుందో. తప్పుందని రాస్తే భాయ్ ఉద్యోగం పోతుంది. ఆ ఆడపిల్లలు బడి మానేసి ఊరికి పోతారు. లేదని రాస్తే బాబా తమ్ముళ్ల ముందు అబద్ధాలకోరు అవుతాడు. బాబా ఆ మైదానంలో పెద్ద మెంబరు. ఆయన ఒక్క మాట అంటే నా కొడుకు ఉండడు. నా ఇఖామా ఆయన చేతిలోనే ఉంది. ఆయనే నా కఫీల్, నన్ను ఇక్కడ ఉంచాలన్నా పంపాలన్నా ఆయనే.

రాయచోటి భాయ్ వంగి తుపాకీ పెట్టె సర్దుతున్నట్టు నటిస్తూ తెలుగులో గొణిగాడు. "రాసెయ్ భాయ్. నాది ఎట్టాగూ పోయింది. నువ్వన్నా ఉండు. నువ్వు పోయి నేను పోతే ఎవరికి లాభం?"

నేను కూడా అన్నాను. ఇది దాచను. ఆ మనిషి పిల్లల్ని నేను చూశాను, మా మామా పాత బట్టలు ఇస్తే వాళ్లకి ఇచ్చింది నేనే. అయినా అన్నాను. "సంతకం పెట్టేయ్ నాయనా. మనకేల ఈ తంటా? నీకూ ఒక బిడ్డుండాది."

వాడు నా వైపు చూడలేదు. కోప్పడలేదు. "మా, బాబాకి టీ పోయి" అన్నాడు.

బాబాకి టీ పోశాను. కొంచెం సాసర్లోకి ఒలికింది. వాడు పెన్ను బల్ల మీద పెట్టి, బాబాతో అన్నాడు: "బాబా, నేను సంతకం పెట్టేముందు మైదానం పద్ధతి ఒకటుంది. ముందు నన్ను పరీక్షించండి. తర్వాత తుపాకీని. నేను అటు తిరుగుతాను. మీరు తూటా పెట్టండి, లేదా పెట్టకుండా ఊరికే మూసెయ్యండి. ఏది చేశారో నాకు చెప్పొద్దు."

బాబాకి అది ఆటలా అనిపించింది. కోపం కొంచెం తగ్గింది. వీడు వెనక్కి తిరిగి నిలబడ్డాడు. బాబా మొదటిసారి తూటా పెట్టి ఇచ్చాడు. వీడు కాల్చాడు. రెండోసారీ పెట్టి ఇచ్చాడు. కాల్చాడు. మూడోసారి తమ్ముళ్లకు కన్నుగీటి, ఖాళీగా మూసి ఇచ్చాడు. వీడు అలాగే చెంప ఆనించాడు, అలాగే ఊపిరి బిగబట్టాడు, మీట నొక్కాడు. టిక్ అని చిన్న చప్పుడు. అంతే. గొట్టం ఇసుక సంచి మీద రాయిలా ఉంది. వెంట్రుకవాసి కదల్లేదు.

"మాషాఅల్లా" అన్నాడు తమ్ముడు. ఈసారి దగ్గలేదు.

"ఇప్పుడు మీరు బాబా" అన్నాడు వీడు.

బాబా నవ్వుతూ అటు తిరిగాడు. వీడు తూటా పెట్టి ఇచ్చాడు. బాబా కొట్టాడు. మళ్లీ పెట్టి ఇచ్చాడు. కొట్టాడు. మూడోసారి వీడు చేతిలో తూటా చూపించి, దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. అది మాకు కనిపించింది, బాబాకి కనిపించలేదు. ఖాళీగా మూసి ఇచ్చాడు.

బాబా నొక్కాడు. టిక్. తుపాకీ పేలలేదు. కానీ గొట్టం కొస మాత్రం కిందికి గుద్దుకుంది. ఎవరో పైనుంచి తట్టినట్టు. బాబా భుజం ముందుకు కుదుపుకుంది, కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. తన్నని తుపాకీకి మనిషి బెదిరాడు. అక్కడున్న అందరం చూశాం. అందరికంటే ముందు బాబా చూశాడు.

 దూరంగా జెండా గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. నేను నా ఊరు, నా ఇల్లు, విమానం టికెట్టు అన్నీ తలుచుకున్నాను. అయిపోయింది, ఇద్దరం పోతాం అనుకున్నాను.

బాబాకి ఆ ముందటేడు కుడి భుజానికి ఆపరేషన్ జరిగింది. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే ముసలివాణ్ని అయ్యానంటారా అని అరుస్తాడు. రోజూ నూనె రాసి కాపడం పెట్టే మామాకీ, వేణ్నీళ్లు కాచే నాకూ తెలుసు అది ఎంత నొప్పో. శుక్రవారాలు వెనక గేటు దగ్గర నేను చెబితే నా కొడుకూ విన్నాడు.

వాడు బాబా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు, ఆయన తల కంటే తన తల కిందికి ఉండేలా. తమ్ముళ్లకు వినపడనంత చిన్నగా అన్నాడు. నేను టీ గ్లాసు తీసుకోబోతూ దగ్గర్లో ఉన్నాను కాబట్టి విన్నాను. "తుపాకీ మంచిదే బాబా. మీ గురి కూడా మంచిదే. భుజానికి ఇంకా ఆ నొప్పి జ్ఞాపకం ఉంది, అంతే. దానికి మనం మెల్లగా మరిపించాలి."

 బాబా నా వైపు తిరిగి ఖాళీ గ్లాసు చాపాడు. "టీ" అన్నాడు. ఈసారి నేను ఒలకకుండా పోశాను. తాగి, రాయచోటి భాయ్‌ని పిలిచి, ఆయన చేతిలో అన్నం డబ్బా పెట్టాడు. క్షమించమని అనలేదు. పెద్దవాళ్లు అలా అనరు. కూర్చుని తిను అన్నాడు. భాయ్ తిన్నాడు. 

వాడు కాగితం మీద తుపాకీ సరిగ్గా ఉందని రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితాన్ని బాబానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కారెక్కేముందు నేను వాడితో, "నేనన్న మాటకు బాధపడినావా?" అని అడిగాను.

"నువ్వు అమ్మవు మా, నువ్వు అట్లనే అనాల. సంతకం పెట్టేది నేను, నేను ఇట్లనే చెయ్యాల" అన్నాడు. అని, మూడు గుండ్లు ఒకే చోట తగిలిన ఆ కాగితం మడిచి నాకిచ్చాడు. "ఇది పెట్టుకో. ఆ రెండూ యాడికి పోయినాయో వెతుక్కుందువు గానీ."

ఆ తర్వాత ఇంట్లో కొత్త ముచ్చట మొదలైంది. వాడు బాబాకి ఒక సాధన నేర్పించాడు. ఖాళీ తుపాకీ బల్ల మీద ఇసుక సంచికి ఆనించి, గొట్టం మీద ఒక ఖాళీ ఇత్తడి తూటా నిలబెట్టాలి. అది పడకుండా మీట నొక్కాలి. బాబా రోజూ మధ్యాహ్నం నమాజు తర్వాత కూర్చునేవాడు. నేను వంటగదిలో గిన్నెలు తోముతుంటే హాల్లోనుంచి టింగ్ అని వినిపించేది, తూటా చలవరాతి మీద పడ్డ చప్పుడు. టింగ్, టింగ్, టింగ్. మామా విసుక్కునేది, గంటల అంగడి అయిపోయింది ఇల్లు అని. శుక్రవారం వాడు వచ్చి, "ఈ వారం ఎన్నిసార్లు పడింది మా?" అని నన్నే అడిగేవాడు. నేను నిజం చెప్పేదాన్ని. వాడు బాబా ముందుకు పోయి, బాగా తగ్గింది బాబా అనేవాడు. అదొక్కటే వాడు ఆడిన అబద్ధం నాకు తెలిసి. రానురాను అది నిజంగానే తగ్గింది. ఒకరోజు గిన్నెలన్నీ తోమడం అయిపోయింది, ఒక్క టింగ్ కూడా వినపడలేదు. బాబా నిద్రపోయాడేమో అని తొంగి చూశాను. ఆయన నొక్కుతూనే ఉన్నాడు.

బాబా వేటకు పోయాడు, వచ్చాడు. ఏం కొట్టాడో నేను అడగలేదు. నా కొడుక్కి మాత్రం ఒక మంచి కోటు తెచ్చాడు. ఈ దేశంలో ఏడాదికి రెండు నెలలే వేసుకునే కోటు. వాడు దాన్ని ఊరికి తీసుకుపోయి ఎండాకాలంలో వేసుకుని ఫోటో దిగాడు.

వాడు పోయినప్పుడు ఆసుపత్రి కాగితాలు, పోలీసు కాగితాలు, ఎంబసీ కాగితాలు, అన్నిటి వెంట తిరిగింది రాయచోటి భాయ్. నాలుగు రోజులు షాపుకి పోలేదు. నేను వద్దు నాయనా, నీ పని చెడుతుందంటే, "అమ్మా, నా పని ఉండాదంటే ఎవరి వల్ల ఉండాది?" అన్నాడు. ఆయన పెద్ద కూతురు అప్పటికి ఏడో తరగతి. ఆ పిల్ల నా పక్కన కూర్చుని నా చెయ్యి వదల్లేదు.

శవంతో పాటు ఊరికి పోయాను. అందరి ముందూ చెప్పాను, నా కొడుకు డ్రైవరు కాదు, తుపాకుల గురి సరిచూసేవాడు అని. ఆ కాగితం చూపించాను. మా బావగారు కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఒకటే తగిలిందే" అన్నాడు. ఏడుస్తున్నదాన్ని, నవ్వు వచ్చింది. చిటికెన వేలితో అంచు చూపించాను. వాడి బిడ్డ కూడా వచ్చి చూసింది. మూడు రేకులు తనే లెక్కపెట్టింది.

కర్మలు అయ్యాక తిరిగి వచ్చాను. రాకపోతే ఎలా? ఇక్కడికి వచ్చాక బాబా నాతో నెలరోజులు సరిగ్గా మాట్లాడలేదు. నన్ను చూస్తే తల వంచుకునేవాడు. వంటగదిలో నేను గ్యాసు నాబ్ రెండుసార్లు పట్టుకుని చూడడం ఒకసారి ఆయన కంటపడింది. గుమ్మంలోనుంచే వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

పోయిన వారం శుక్రవారం పొద్దున మామా నాకు తన శాలువా కప్పి, "బాబాతో పో" అంది. ఎక్కడికని అడగలేదు. టీ ఫ్లాస్కు పట్టుకుని కారెక్కాను.

మైదానంలో వాడి బల్ల అలాగే ఉంది. ఇసుక సంచి అదే. వాడి జాగాలో కొత్తగా వచ్చిన మనిషి, నేపాలీ ఆయన, లేచి నాకు నమస్కారం పెట్టాడు. చెవి కప్పులు తెచ్చాడు. నేనే పెట్టుకుని రెండుసార్లు నొక్కి చూసుకున్నాను.

బాబా అదే తుపాకీ తీశాడు. బల్ల దగ్గర కూర్చుని నన్ను తన వెనక నిలబడమన్నాడు. "నేపాలీ తుపాకీ మూసేదాకా నేను కళ్లు మూసుకుంటాను. తూటా పెట్టాలో వద్దో నువ్వు తలతో ఆయనకి చెప్పు. నాకు చెప్పొద్దు" అన్నాడు. 

మొదటిసారి నేను తల ఊపాను. నేపాలీ ఆయన తూటా పెట్టాడు. పెద్ద చప్పుడు. రెండోసారీ ఊపాను. పెద్ద చప్పుడు. మూడోసారి బాబా కళ్లు మూసుకుని, చెంప ఆనించి ఎదురుచూస్తున్నాడు. ఆయన కుడి భుజం చూశాను. తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా, కింద ఆ పాత కోత ఎక్కడుందో నాకు తెలుసు. అడ్డంగా తల ఊపాను, వద్దని. నేపాలీ ఆయన ఖాళీగా మూశాడు.

టిక్.

బాబా తల ఎత్తలేదు. నేపాలీ ఆయన కూడా కదల్లేదు. చలికాలపు ఎండ ఏటవాలుగా పడి గొట్టం నీడ ఇసుక సంచి మీద సన్నటి గీతలా ఉంది. ఆ గీతనే చూస్తూ నిలబడ్డాను. కదులుతుందేమో అని చూశాను. మళ్లీ ఒకసారి చూశాను. గొట్టం కదల్లేదు. నీడ కదల్లేదు.